కుట్టిన చిలక తల వాల్చకుండా ఉండాలంటే

పిల్లలూ! క్రాస్ స్టిచ్ కుట్టడం మీలో చాలామందికి వచ్చు. మాటీ గుడ్డ మీద ఒక గడిలో ఇటు ఒక కుట్టు, దానిమీద అటు ఒక కుట్టు. అలా గడి తరవాత గడి నింపుకుంటూ పోతే కొన్నాళ్ళకు ఒక చిలక తయారవుతుంది. ఇంకా ఓపిక ఉన్నవాళ్ళకు చిలక కూచునే జామకొమ్మ కూడా తయారవుతుంది. ఇంతవరకూ బాగానే ఉన్నది. చిక్కంతా ఆ తరవాతనే! చిలకను చుట్టూ కత్తిరించి తలుపుకు వేలాడదీద్దామనో, పుస్తకంలో గుర్తుగా పెట్టుకుందామనో అనుకుంటారు. తీరా కత్తిరించి పట్టుకుంటే చిలక కాస్తా తల వాల్చేస్తుంది. అంచుల్లో పోగులు కూడా ఊడటం మొదలుపెడతాయి.

"దీన్ని గట్టిగా నిలబెట్టటం ఎలా?" అని మీలో కొందరు ఉత్తరాలు రాశారు. ఒక చిన్నది ఇలా రాసింది: "నాలుగు నెలలు కూచుని కుట్టాను. మా అన్నయ్య జిగురు పూస్తే సరి అంటున్నాడు. మా నాయనమ్మ గంజి పెట్టమంటున్నది. ఎవరి మాట వినాలి?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ఎందుచేతనంటే, గంజి పెడితే తరవాత కడిగెయ్యవచ్చు. జిగురు పూస్తే అది ఇక రాదు. నాలుగు నెలల పని ఒక్క పూటలో బాగుపడనూవచ్చు, పాడైపోనూవచ్చు. అందుకని ముందు గుడ్డ అసలెందుకు వాలుతుందో చూద్దాం.

ఇరవై తెల్లకాగితాలు తీసుకుని ఒకదానిమీద ఒకటి సమంగా పేర్చండి. ఒక చివర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని ఎత్తండి. రెండో చివర కిందికి వంగిపోతుంది. వంగిన తరవాత ఆ చివరి అంచును జాగ్రత్తగా చూడండి. ఇంతకుముందు సమంగా ఉన్న అంచు ఇప్పుడు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అంటే వంగేటప్పుడు కాగితాలు ఒకదానిమీద ఒకటి జారాయన్నమాట. ఇప్పుడు అవే కాగితాలకు మధ్యమధ్య మైదాపిండి జిగురు పూసి అంటించి, పైన బరువు పెట్టి బాగా ఆరనివ్వండి. అవి అట్ట అయిపోతాయి! కాగితాలు అవే, వాటి మందమూ దాదాపు అంతే. కాని ఇప్పుడు జారటానికి వీలు లేదు గనక వంగటానికీ ఒప్పుకోవు.

ఇందులో ఒక తమాషా లెక్క ఉన్నది. రెండు కాగితాలు ఊరికే కలిపి పట్టుకుంటే వాటి బిరుసు ఒక కాగితానికి రెండింతలు. ఆ రెండూ గట్టిగా అతుక్కుపోతే బిరుసు రెండింతలు కాదు, ఎనిమిదింతలు! రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. మూడు కాగితాలు అతుక్కుంటే ఇరవై ఏడింతలు. మందాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే బిరుసు వస్తుంది.

గుడ్డ సంగతీ ఇంతే. ఒక నూలుపోగును విప్పి చూస్తే అది ఎన్నో సన్నని పీచులు మెలిక పడి ఏర్పడినదని తెలుస్తుంది. గుడ్డను వంచినప్పుడు పీచుమీద పీచు జారుతుంది, పోగుమీద పోగు జారుతుంది. అలా జారటంవల్లనే మీ చొక్కా, మీ గౌను ఒంటికి మెత్తగా ఉంటాయి. గంజిగాని, జిగురుగాని చేసే పని ఒక్కటే: ఆ పీచులను పక్కపీచులతో కట్టివెయ్యటం.

మీ కొత్త మాటీ గుడ్డ కొన్నప్పుడు కాగితంలాగా పెళపెళలాడలేదూ? అది దాని సొంత బిరుసు కాదు. కార్ఖానాలోనే దానికి గంజిలాంటి పదార్థం పట్టించి అమ్ముతారు. కుట్టటం పూర్తయినాక మొదటిసారి ఉతకగానే అది నీళ్ళలో పోతుంది, గుడ్డ మెత్తబడుతుంది. "కుట్టేటప్పుడు బాగానే ఉన్నది, ఉతికాక పాడైంది" అని కొందరు బెంగపడుతున్నారు. పాడు కాలేదు. అద్దె సొమ్ము తిరిగి పోయింది, అంతే.

మన చేనేతవాళ్ళు పడుగుకు గంజి పెట్టడం మీలో కొందరైనా చూచి ఉంటారు. పొద్దున్నే వీధిపొడుగునా పడుగు చాచి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. అది అందంకోసం కాదు. మగ్గం మీద దారాలు వేలసార్లు రాసుకుంటాయి. గంజి లేకపోతే నూగు లేచి పుటుక్కున తెగుతాయి. గంజి ఆ నూగును అణిచి, పోగుచుట్టూ ఒక సన్నని తొడుగులాగా ఏర్పడుతుంది. ఉతికిన బట్టలకూ ఈ పనితనమే వాడతారు.

గంజి పెట్టడం ఒకప్పుడు ఎంత గొప్ప విద్యో చూడండి. 16వ శతాబ్దంలో యూరపులో గొప్పవాళ్ళు మెడచుట్టూ బండిచక్రమంత తెల్లటి మడతల పట్టీ పెట్టుకునేవారు. సన్నని గుడ్డ అలా చక్రంలాగా నిలబడాలంటే గంజి తప్పదు. ఇంగ్లండులో ఆ విద్య సరిగా వచ్చినవాళ్ళు అరుదు. 1564లో దీంగెన్ వాన్ డెర్ ప్లాసె అనే స్త్రీ ఫ్లాండర్సు దేశంనుంచి భర్తతో కూడా లండనుకు వచ్చింది. ఆమె గంజి పెట్టడంలో ఆరితేరినది. గొప్పవాళ్ళంతా తమ పట్టీలు ఆమెకే పంపసాగారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళ దగ్గర ఆమె 4 పౌన్లో 5 పౌన్లో పుచ్చుకునేది. అది గంజి పెట్టడానికి మాత్రమే! గంజి కాచటం నేర్పాలంటే మరొక 20 షిల్లింగులు. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. మీ నాయనమ్మ మీకు ఉచితంగా చెబుతానంటే వద్దనకండి.

ఆ రోజుల్లోనే అక్కడ ఒక అడవిమొక్క దుంపతో కూడా తెల్లని గంజి తీసేవారు. అది మన చేమదుంప కుటుంబానికి చెందిన మొక్క. గంజి బాగా తెల్లగా వచ్చేది గాని, ఉతికే ఆడవాళ్ళ చేతులు పగిలి బొబ్బలెక్కేవని జెరార్డ్ అనే ఆయన 1597లో అచ్చయిన తన మూలికల గ్రంథంలో రాశాడు. కంద తరిగితే మన చేతులు ఎందుకు దురదపెడతాయో తెలుసు గదా! ఆ కుటుంబపు మొక్కల్లో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి. పెద్దవాళ్ళ మెడ పట్టీలకోసం ఎవరి చేతులు పుండ్లయినాయో ఆ చిత్రపటాల్లో కనిపించదు.

ఇక మన పనికి వద్దాం.

అన్నిటికంటె ముందు చెయ్యవలసినది రంగు పరీక్ష. దీన్ని మానవద్దు. తెల్లటి దూదిని తడిపి, చిలక వెనకవైపు ప్రతి రంగుమీదా ఒక నిమిషంసేపు అదిమి పట్టండి. ముఖ్యంగా ఎరుపును, నలుపును, ముదురు నీలాన్ని నమ్మకండి. దూదికి రంగు అంటితే ఆ కుట్టుపనికి తడి గంజి పనికిరాదు. గంజిలో ముంచారో, చిలక ముక్కు ఎరుపు కాస్తా రెక్కలదాకా పాకుతుంది. అటువంటి పనిని ఎలా నిలబెట్టాలో ముందు చెబుతాను. ఒకవేళ పొరపాటున రంగు కారితే మాత్రం ఆరనివ్వకండి. ఆరితే మరక నిలిచిపోతుంది. చల్లటి నీళ్ళు మార్చి మార్చి, నీళ్ళు తేటగా వచ్చేదాకా అందులోనే ఉంచండి. నీళ్ళలో ఉప్పో వెనిగరో వేస్తే రంగు నిలుస్తుందని కొందరంటారు గాని ఈనాటి దారాల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

రంగు కారకపోతే పనిని చల్లటి నీళ్ళలో కొద్దిగా సబ్బు కలిపి ఉతకండి. మీ వేళ్ళ చెమటా, జిడ్డూ కంటికి కనిపించకపోయినా గుడ్డలో ఉంటాయి. వాటిమీద గంజి పెడితే కొన్నాళ్ళకు పసుపుపచ్చ మచ్చలు తేలుతాయి. ఉతికినదాన్ని పిండకూడదు. తువ్వాలులో చుట్టి అదమండి.

ఇప్పుడు గంజి. అన్నం వార్చిన గంజి పల్చని గుడ్డలో వడకట్టి వాడవచ్చు. తెల్లగుడ్డకు అది బాగానే ఉంటుంది. కాని నల్లగుడ్డమీదా, ముదురు రంగు దారాలమీదా బియ్యపు గంజి తెల్లటి పొరలాగా కనిపిస్తుంది. దానికి సగ్గుబియ్యపు గంజిగాని, మొక్కజొన్న పిండి గంజిగాని మేలు. సగ్గుబియ్యపు గంజి కాచితే అద్దంలాగా తేటపడుతుంది. సగ్గుబియ్యం కర్రపెండలం దుంపలనుంచి వస్తుందని మీకు తెలుసు గదా. సామర్లకోట, పెద్దాపురం వైపు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

పావు లీటరు నీళ్ళు కొలుచుకోండి. చేతిరుమాలుకు, బల్లమీద పరిచే గుడ్డకు అయితే చిన్న చెంచాలు రెండు మొక్కజొన్న పిండి చాలు. చిలక అట్టముక్కలాగా నిలబడాలంటే పెద్ద చెంచాలు రెండు కావాలి. పిండిని ముందుగా కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. మిగిలిన నీళ్ళు పొయ్యిమీద కాగుతుండగా దీన్ని పోస్తూ, ఆపకుండా కలియపెట్టండి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళ ఎదుటనే చెయ్యండి. గంజి చూడటానికి సౌమ్యంగా ఉంటుంది గాని మరిగే గంజి చేతిమీద పడితే నీళ్ళలాగా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది.

పిండిని నేరుగా వేడినీళ్ళలో ఎందుకు వెయ్యకూడదు? పిండిలో ప్రతి రేణువూ ఒక గట్టి మూటలాంటిది. చన్నీళ్ళలో అది విడదు. నీళ్ళు దాదాపు 60 డిగ్రీలనుంచి 75 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యకు వచ్చేసరికి ఆ మూటలు నీరు తాగి ఉబ్బి, విడిపోయి, లోపలి పొడుగాటి పోగులవంటి అణువులు బయటికి వస్తాయి. అప్పుడే పాలలాంటి నీళ్ళు హఠాత్తుగా చిక్కబడి తేటపడతాయి. పొడిపిండిని వేడినీళ్ళలో వేస్తే ముద్దకు పైపొర మాత్రం ఉబ్బి తలుపు మూసేస్తుంది. లోపల పిండి పిండిగానే ఉండి ఉండ కడుతుంది.

ఈ గంజి నూలుగుడ్డను ఎందుకంత బాగా పట్టుకుంటుందో కూడా విన్నారంటే ఆశ్చర్యపోతారు. పత్తి పీచు సెల్యులోజు. గంజి పిండిపదార్థం. రెండూ గ్లూకోజు అనే ఒకే పూసతో గుచ్చిన దండలే! గుచ్చిన తీరులో మాత్రమే తేడా. ఆరుతున్నకొద్దీ నీళ్ళు తప్పుకుని, ఈ రెండు దండలూ దగ్గరికి చేరి ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. పాలియెస్టరు గుడ్డకు ఈ చుట్టరికం లేదు. అందుకే దానిమీద గంజి అంతగా నిలవదు.

గంజి గోరువెచ్చగా అయినాక చిలకను అందులో పూర్తిగా ముంచి, రెండు అరచేతుల మధ్య అదిమి తీయండి. కుట్ల సందుల్లో గంజి ముద్దలుంటే పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా తట్టండి. నున్నటి ప్లాస్టిక్ కాగితం ఒక అట్టమీద పరిచి, దానిమీద గుడ్డను బోర్లించి, గడులు వంకర పోకుండా సర్ది, అంచులకు గుండుసూదులు గుచ్చండి. తుప్పు పట్టే సూదులు వద్దు. గిన్నె ఆకారం రావాలంటే గిన్నెను బోర్లించి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, దానిమీద కప్పండి. నీడలో గాలి ఆడేచోట ఆరనివ్వండి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. రెండు రోజులు తడిగా ఉన్న గంజికి బూజు పడుతుంది, వాసన కూడా వేస్తుంది.

ఇస్త్రీ చెయ్యదలిస్తే కొంచెం తేమ ఉండగానే చెయ్యాలి. బల్లమీద లావుపాటి తువ్వాలు పరిచి, కుట్టుపనిని దానిమీద బోర్లించి, వెనకనుంచి ఇస్త్రీ చెయ్యండి. ముందువైపు చేశారో, పొంగి ఉన్న కుట్లన్నీ అణిగి చిలక కాస్తా అప్పడం అవుతుంది. ఇస్త్రీపెట్టె మరీ కాలితే గంజి మాడి గోధుమరంగు తేలుతుంది. అలా మాడిన పిండి డెక్‌స్ట్రిన్ అనే జిగురు పదార్థంగా మారుతుంది. డబ్లిను నగరం దగ్గర 1821లో ఒక నూలు కార్ఖానా తగలబడితే, కాలిన గంజిపిండి నీళ్ళలో కలిసి జిగురులాగా అంటుకోవటం చూచి దాన్ని కనుగొన్నారని చెబుతారు. తపాలాబిళ్ళల వెనక పూసే జిగురుకు ఆ పదార్థాన్ని ఎంతో వాడారు. అయినాసరే, మీ చిలకమీద మాత్రం దాన్ని తయారుచెయ్యకండి.

బాగా ఆరినాక కత్తిరించండి. గంజి పట్టిన పోగులు అంత తొందరగా ఊడవు. కుట్టునుంచి రెండు గడులు వదిలి కత్తిరించటం మంచిది.

మీ గంజి ఎంతవరకు పనిచేసిందో కొలవవచ్చు, తెలుసా? "గట్టిగా ఉంది", "ఫరవాలేదు" అనటం కాదు, స్కేలు పెట్టి కొలవటం! మాంచెస్టరు నగరంలోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పియర్స్ అనే శాస్త్రజ్ఞుడు 1930లో దీనికి ఒక పద్ధతి చెప్పాడు. గుడ్డల కార్ఖానాల్లో ఇప్పటికీ ఆ పద్ధతిలో కొలుస్తారు. మనమూ కొలుద్దాం.

ఒకే గుడ్డనుంచి 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడుగు గల పట్టీలు రెండు కత్తిరించండి. పోగులు రెంటిలోనూ ఒకే దిక్కుగా ఉండాలి. ఒకదానికి గంజి పెట్టి ఆరబెట్టండి. ఇప్పుడు ఒక అట్టను త్రిభుజంగా కత్తిరించాలి. దానికి ఒక మూల లంబకోణం. లంబకోణానికి అటూఇటూ ఉన్న అంచుల్లో ఒకటి 20 సెంటీమీటర్లు, రెండోది 17.7 సెంటీమీటర్లు. 17.7 అంచును బల్ల పక్కకు నిలువుగా ఆనించి, త్రిభుజం పైమూల బల్ల అంచుతో సరిగ్గా కలిసేటట్టు అంటించండి. 20 అంచు అడుగున ఉంటుంది. అప్పుడు వాలుగా ఉండే అంచు బల్ల చివరనుంచి 41.5 డిగ్రీల వాలుతో కిందికి దిగుతుంది. పట్టీని బల్లమీద పెట్టి, పైన స్కేలు ఉంచి, రెంటినీ కలిపి మెల్లగా ముందుకు తోయండి. పట్టీ అట్ట పక్కగా బయటికి వస్తూ వంగుతుంది. దాని కొస ఆ వాలు అంచు గీతకు వచ్చేటప్పటికి ఆపి, బయటికి వచ్చిన పొడుగెంతో కొలవండి. అందులో సగాన్ని వంపు పొడుగు అంటారు.

ఉత్త పట్టీ వంపు పొడుగు 2 సెంటీమీటర్లు, గంజి పట్టీది 4 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. గంజి గుడ్డ రెండింతలు బిరుసనుకుంటారేమో! కాదు. ఇక్కడ కూడా రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. గంజివల్ల పెరిగిన కొద్ది బరువును లెక్కలోకి తీసుకోకపోతే, బిరుసు ఎనిమిదింతలయిందన్నమాట. పల్చటి గంజి, చిక్కటి గంజి, బియ్యపు గంజి, సగ్గుబియ్యపు గంజి విడివిడిగా పెట్టి కొలిచి చూడండి. ఎండరోజు ఒకసారి, వానరోజు ఒకసారి కొలవండి. వానరోజు గంజి గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. సముద్రం ఒడ్డున ఉండే పిల్లలకు ఈ తేడా బాగా కనిపిస్తుంది.

ఆ కారణంచేతనే, ఎప్పుడూ తలుపుకు వేలాడవలసిన బొమ్మకు గంజి చాలదు. దానికి నేను చెప్పేది బక్రం. చొక్కా కాలరు లోపల దర్జీ పెట్టేది అదే. ఇస్త్రీతో అతుక్కునే రకం అడిగి తెచ్చుకోండి. దానికి ఒకవైపు జిగురు చుక్కలుంటాయి, వేలితో తాకితే గరుకుగా తెలుస్తాయి. ఆ వైపు కుట్టు వెనక్కి ఆనించి, మీద పల్చటి గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను అదిమి పట్టాలి. అటూఇటూ రుద్దితే బక్రం జారి ముడత పడుతుంది. ముందు ఒక పనికిరాని ముక్కమీద చేసి చూడండి. రంగు కారే కుట్టుపనికి కూడా ఇదే దారి, ఎందుకంటే ఇందులో నీళ్ళు లేవు. అయితే ఆవిరి మాత్రం వాడకూడదు.

జిగురంటే ఇప్పుడు కొయ్యపనివాళ్ళు వాడే తెల్లజిగురు. దానిలోని పాలీవినైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె కనిపెట్టాడు. జిగురూ నీళ్ళూ సమంగా కలిపి, బ్రష్షుతో గుడ్డ వెనకవైపు మాత్రమే పూయాలి. పూసినప్పుడు తెల్లగా ఉండి, ఆరాక కనిపించకుండా పోతుంది. ఎక్కువైతే మాటీ గుడ్డ కన్నాలగుండా ముందుకు వచ్చి దారాలమీద మెరుస్తుంది. దారానికి ఉన్న పట్టులాంటి కళ అంతటితో పోయింది! పైగా ఏళ్ళు గడిచేసరికి ఇది పచ్చబడవచ్చు. పుస్తకంలో గుర్తుపట్టీకీ, పండగకు కట్టే చిన్నచిన్న నక్షత్రాలకూ, తాళంచెవి బిళ్ళకూ జిగురు పూయండి, ఫరవాలేదు. అవి పోతే మళ్ళీ కుట్టుకోవచ్చు. నాలుగు నెలల చిలకకు మాత్రం వద్దంటాను. ఆ విషయంలో నాయనమ్మదే గెలుపు. తాళంచెవి బిళ్ళ దగ్గర అన్నయ్యది గెలుపు.

పంచదార పాకంలో ముంచి లేసుబుట్టలు నిలబెట్టే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. చల్లని పొడి దేశాలలో అది చెల్లుతుంది. మన ఇళ్ళలో చీమలకు పెళ్ళిభోజనం.

ఏమీ పూయకుండానే బిరుసు తెచ్చే దారి కూడా ఉన్నది. లంబాడీ స్త్రీల కుట్టుపని దగ్గరగా చూడండి. పొరమీద పొర గుడ్డ వేసి, అద్దాలూ గవ్వలూ పొదిగి, సందు లేకుండా దారంతో నింపేస్తారు. దానికి గంజి ఎందుకు? పొరలను జారనివ్వకుండా కుట్లే కట్టివేస్తున్నాయి. ఇరవై కాగితాల సంగతి ఇక్కడ జిగురు లేకుండానే జరిగిందన్నమాట.

ఇక మీ పాత పెట్టెలో అమ్మమ్మ చిన్నప్పుడు కుట్టిన గుడ్డ ఏదైనా దొరికితే, దయచేసి దానికి గంజీ పెట్టవద్దు, జిగురూ పూయవద్దు. పట్టుదారం, ఉన్ని, జరీ ఉన్నవాటికి కూడా వద్దు. లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టిన నమూనా గుడ్డ ఒకటి ఉన్నది. నారగుడ్డమీద పట్టుదారాలతో కుట్టినది. దానిమీద 1598 అని కుట్టి ఉన్నది. బ్రిటనులో తేదీ ఉన్న నమూనా గుడ్డలన్నిటిలోకీ పాతది అదే. 1596లో పుట్టిన ఆలిస్ లీ అనే పసిపాప పేరు కూడా దానిమీద కుట్టి ఉన్నది. నాలుగువందల ఏళ్ళు దాటినా కుక్కపిల్లా, లేడీ, అక్షరాలూ ఇంకా కనిపిస్తున్నాయి.

అటువంటి గుడ్డను గోడకు పెట్టుకోవాలంటే అట్టమీద పరిచి, అంచులు వెనక్కి మడిచి, లావుపాటి దారంతో ఈ అంచునుంచి ఆ అంచుకు లాగి కట్టాలి. నులకమంచం అల్లినట్టే! ముందు నిలువుగా, తరవాత అడ్డంగా. మధ్యనుంచి మొదలుపెట్టి అంచులవైపు పోతే వంకర రాదు. ఎప్పుడు కావాలన్నా దారం కోసి గుడ్డను విడిపించుకోవచ్చు. అట్ట విషయంలో ఒక జాగ్రత్త: మామూలు డబ్బా అట్టలో పుల్లటి గుణం ఉంటుంది. పాత వార్తాపత్రిక గోధుమరంగు తిరిగినట్టే అదీ తిరిగి, గుడ్డకు మచ్చ పెడుతుంది. బొమ్మలకు చట్రాలు కట్టేవాళ్ళ దగ్గర ఆమ్లం లేని అట్ట దొరుకుతుంది. అది దొరకకపోతే అట్టకూ కుట్టుపనికీ మధ్య ఉతికిన తెల్లటి నూలుగుడ్డ వెయ్యండి.

గంజి గురించి ఒక చెడ్డమాట కూడా చెప్పాలి. మనకు గంజి ఎంత ఇష్టమో పురుగులకూ అంత ఇష్టం. పాత పుస్తకాల్లో చరచరా పాకే వెండిరంగు పురుగు ఉంటుంది చూడండి, కొందరు దాన్ని రామబాణం అంటారు. దానికీ బొద్దింకకూ పిండిపదార్థం పంచభక్ష్యాలు. గంజి తింటూ తింటూ దానికింద ఉన్న పోగులు కూడా కొరుకుతాయి. అందుకని గంజి పెట్టినదాన్ని పైకి కనిపించేచోట వాడుకోండి. పెట్టెలో దాచదలిస్తే ముందు గంజి అంతా పోయేదాకా ఉతికి, బాగా ఆరబెట్టి దాచండి. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవాళ్ళు జిగురులో మైలుతుత్తం కలిపేవారు. మీరు మాత్రం కలపకండి. అది విషం, దారాల రంగులనూ చెడగొట్టవచ్చు.

గంజి పోయిందో లేదో తెలుసుకోవటానికి ఒక ఉపాయం ఉన్నది. దెబ్బలకు రాసే అయోడిను మందును నీళ్ళు కలిపి పల్చన చేసి, ఉతికిన గంజి పట్టీమీద ఒక్క చుక్క వేసి చూడండి. నలుపుతో కలిసిన నీలం తేలితే గంజి ఇంకా ఉన్నదన్నమాట. ఈ పరీక్ష పట్టీమీదనే చెయ్యాలి సుమా, చిలకమీద కాదు!

మీ పట్టీల కొలతలు వరసగా రాసి పంపండి. ఏ గంజి, పావు లీటరుకు ఎన్ని చెంచాలు, బయటికి వచ్చిన పొడుగెంత, ఆరోజు ఎండా ముసురా, ఈ నాలుగూ ఉండాలి. ఊరి పేరు రాయటం మరిచిపోకండి. సముద్రం ఒడ్డు పట్టీలనూ, మెట్ట ప్రాంతపు పట్టీలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.